వ్యాయామం మీద పరిశోధనా? అదేం ఉద్యోగం?

వ్యాయామం ఆరోగ్యం మీద చూపే ప్రభావాన్ని చాలాకాలంగా పరిశోధిస్తూ, ఎందరో విద్యార్థులకు గైడ్‌గా ఉన్న ప్రొఫెసర్ ఈ సంచికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్నారు.

ప్రశ్న: మేడమ్, నేను ఫిజియోథెరపీ చివరి ఏడాదిలో ఉన్నాను. వ్యాయామం, ఆరోగ్యం మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఇంట్లో చెబితే 'నడిస్తే మంచిదని అందరికీ తెలుసుగా, అందులో కనిపెట్టడానికి ఏముంది?' అని నవ్వుతున్నారు. వాళ్లకు ఏం చెప్పాలి? - ఒక విద్యార్థిని

జవాబు: నవ్వనివ్వండమ్మా. చుట్టాల నోట ఈ మాట నేను ఇప్పటికీ వింటూనే ఉన్నాను. ఈసారి మీరే వాళ్లనొక ప్రశ్న అడగండి. నడిచేవాళ్లు నడక వల్ల ఆరోగ్యంగా ఉంటున్నారా, లేక ఆరోగ్యంగా ఉన్నవాళ్లే నడవగలుగుతున్నారా? గుండె బలహీనపడ్డ మనిషి, ఆ సంగతి డాక్టరుకు తెలియకముందే ఆయాసంతో నడక తగ్గించేస్తాడు. రెండేళ్లకు ఆయన పోతే మన లెక్కలో 'నడవనివాడు, పోయాడు' అని పడుతుంది. నడకలేమి జబ్బుకు కారణమా, ఫలితమా? ఈ ముడి విప్పడానికే మాకు జీతాలిస్తున్నారు. డెబ్బై ఏళ్లు దాటింది, ఇంకా విప్పుతూనే ఉన్నాం.

ఈ కథ బస్సుల్లో మొదలైంది. లండన్ రవాణా సంస్థలో పనిచేసే సుమారు 31,000 మంది మగవాళ్ల ఆరోగ్య వివరాలను జెరెమీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు సేకరించి, ఫలితాలను 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. అక్కడివి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు షిఫ్టంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్లు ఇస్తూ రోజంతా మెట్లెక్కుతూ దిగుతూ ఉంటాడు. సంస్థ ఒకటే, బతుకులూ ఇంచుమించు ఒకటే. అయినా గుండెజబ్బు కండక్టర్లకంటే డ్రైవర్లలో ఎక్కువగా కనిపించింది. కండక్టర్లకు వచ్చినా కాస్త ఆలస్యంగా వచ్చింది, తీవ్రత కూడా తక్కువే.

ఇంతటి ఫలితం చేతికొస్తే చాలామంది అక్కడే ఆగి దండలు వేయించుకుంటారు. మోరిస్ తన ఫలితాన్ని తానే అనుమానించారు. డ్రైవరు ఉద్యోగానికి వచ్చే మనుషులే వేరే రకమైతే? దాన్ని తేల్చడానికి ఎవరినీ పిలిచి టేపు పెట్టలేదు. సంస్థ ఇచ్చే యూనిఫారం ప్యాంట్ల సైజుల రికార్డులు తీయించారు. ఏ వయసువాళ్లను చూసినా డ్రైవర్ల నడుములే లావు. అంటే తేడాలో కొంత భాగం సీటులో కూర్చోకముందే ఉండి ఉండొచ్చు. 1956లో ఈ సంగతి కూడా అదే లాన్సెట్‌లో వేశారు. నాకు మొదటి పేపరు కంటే ఈ రెండోదంటేనే ఇష్టం. నా దగ్గర చేరినవాళ్లకు మొదట చదవమని ఇచ్చేది దీన్నే. చదివి 'మరి మొదటి పేపరు తప్పా మేడమ్?' అని అడిగితే ఆ మనిషి ఈ పనికి పనికొస్తారనుకుంటాను. 'భలే ఉంది' అని ఊరుకుంటే ఇంకొంచెం కాలం చూస్తాను.

మీ ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిన మాట అదీ. ఇక ఏ శాఖలో చేయాలంటే, శరీరంలో ఏం జరుగుతోందో చూడాలని ఉంటే ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ. జనంలో ఏం జరుగుతోందో చూడాలంటే ఎపిడెమియాలజీ. నేను మొదటిదాంట్లో మొదలుపెట్టి రెండోదానికి వచ్చాను. ఏది ఎంచుకున్నా బయోస్టాటిస్టిక్స్, అంటే ఆరోగ్య వివరాల గణాంకాలు మాత్రం గట్టిగా నేర్చుకోండి. ఫిజియోథెరపీ చదివినవాళ్లకు మనుషులతో మాట్లాడటం వచ్చు, లెక్కలంటే భయం. రెండోది పోగొట్టుకుంటే మీకు తిరుగుండదు.

ప్రశ్న: నాది గణితంలో డిగ్రీ. ఆటలు రావు, జిమ్ ముఖం చూడలేదు. ఈ రంగంలో నాలాంటివాళ్లకు చోటుందా? అసలు మీరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారు? - ఒక పాఠకుడు

జవాబు: చోటుంది. వ్యాయామమంటే ప్రాణమిచ్చేవాళ్లు మాకు అవసరానికి మించే ఉన్నారు. వాళ్లతో ఒక చిక్కుంది: జవాబు తెలుసనుకుని వస్తారు.

పొద్దున్న ల్యాబు సంగతి చెబుతాను. వాలంటీరు రావడానికి గంట ముందే యంత్రాన్ని సరిచూడాలి. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతెంత ఉన్నాయో ముందే తెలిసిన సిలిండర్ గ్యాస్ పంపి, యంత్రం అదే అంకె చూపిస్తోందా అని చూస్తాం. మూడు లీటర్ల పెద్ద సిరంజితో గాలి తోసి ప్రవాహం సరిచూస్తాం. ఇక్కడ చిన్న తేడా వస్తే, ఆ మనిషి మూడు నెలలు చెమటోడ్చి సాధించిన మార్పు ఆ తేడాలోనే కొట్టుకుపోతుంది. తర్వాత ముఖానికి మాస్కు, ఛాతీకి ఇసీజీ తీగలు. ట్రెడ్‌మిల్ వాలు మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతాం. మాస్కు ఉన్నవాళ్లు మాట్లాడలేరు కాబట్టి ఎదురుగా ఒక పట్టిక వేలాడదీస్తాం. ఎంత కష్టంగా ఉందో వేలితో చూపించాలి. స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ చేసిన ఆ పట్టిక 6 నుంచి 20 దాకా ఉంటుంది. ఒకటి నుంచి పది దాకా ఉంటే సరిపోయేదిగా అని కొత్తవాళ్లు అడుగుతారు. చూపించిన అంకెను పదితో గుణిస్తే పడుచువాళ్లలో ఇంచుమించు గుండె వేగం వస్తుంది, అందుకని అలా పెట్టారు.

మనిషి ఇక చాలని చేయి ఊపేదాకా పరీక్ష సాగుతుంది. ఆ చివరి రెండు నిమిషాల్లో పక్కన నిలబడ్డవాళ్లు 'ఇంకొంచెం, ఇంకొంచెం' అని అరుస్తారు. ఆ అరుపు కూడా కాగితం మీద రాసిపెట్టి ఉంటుంది. అందరికీ అవే మాటలు, అదే సమయానికి. ఒకరికి గట్టిగా అరిచి ఇంకొకరికి అరవకపోతే అంకె మారిపోతుంది. శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే ఆ అంకెనే వీఓటూ మ్యాక్స్ అంటాం. 1920లలో ఏ.వి. హిల్ ఈ కొలత కోసం వీపుకు గాలిసంచి కట్టుకుని గడ్డి ట్రాక్ మీద తానే పరుగెత్తారు. నోబెల్ వరించిన మనిషి. ఇప్పుడలా చేయాలంటే ముందు ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి.

మీ గణితం అక్కరకొచ్చే చోటు దీని తర్వాత ఉంది. హెరిటేజ్ అనే అధ్యయనంలో కొన్ని వందల మందికి 20 వారాల పాటు ఒకే పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. ఆక్సిజన్ వాడకం సగటున నిమిషానికి దాదాపు 400 మిల్లీలీటర్లు పెరిగింది. కానీ కొందరిలో పెరుగుదల దాదాపు లేదు, కొందరిలో లీటరు దాటింది. సగటు మనిషి ఆ గదిలో ఎక్కడా లేడు. మరి పెరగనివాళ్లలో నిజంగానే పెరగలేదా, కొలతలో తేడానా, రోజుకో రకంగా ఉండే ఒంటి తీరా? దీని మీద ఇప్పటికీ పేపర్లు రాసుకుంటూ, సమావేశాల్లో గొంతులు పెంచుకుంటూ ఉన్నాం.

ఇంకొకటి మణికట్టుకు కట్టే యాక్సెలరోమీటర్, అంటే కదలికను కొలిచే చిన్న యంత్రం. బ్రిటన్‌లో లక్షల మంది ఆరోగ్య వివరాలు సేకరించే యూకే బయోబ్యాంక్‌లో సుమారు లక్ష మందికి వారం పాటు కట్టారు. సెకనుకు వంద రీడింగులు. ఎంత డేటా అవుతుందో మీరే గుణించుకోండి. అందులో ఒక గంట పాటు కదలిక లేదనుకుందాం. ఆ మనిషి నిద్రపోయాడా, తీసి బల్ల మీద పెట్టాడా? ఎన్ని నిమిషాల నిశ్చలాన్ని 'తీసేశాడు' అనుకోవాలన్న ఒక్క నిర్ణయం ఫలితాన్ని అటూ ఇటూ కదిలించగలదు. ఈ నిర్ణయం తీసుకునేది సాధారణంగా నా వయసు ప్రొఫెసరు కాదు, కంప్యూటర్ ముందు కూర్చున్న మీ వయసు కుర్రాడు. ఈ డేటా శుభ్రం చేసే పని విసుగ్గా ఉంటుంది. పరిశోధకుల జీవితంలో ఎక్కువ భాగం అదే.

యంత్రం ఎందుకు, మనుషుల్ని అడిగితే చెప్పరా అంటారా? చెబుతారు. పెద్దవాళ్లకు సిఫారసు చేసిన వ్యాయామం ఎంతమంది చేస్తున్నారో అమెరికాలో ప్రశ్నాపత్రంతో అడిగితే ఒక జవాబు, యంత్రం కడితే ఇంకో జవాబు వచ్చాయి. 2008లో వచ్చిన పేపరు ప్రకారం యంత్రం లెక్కలో ఆ మోతాదు అందుకున్నవాళ్లు 5 శాతం కంటే తక్కువ. నోటిమాట లెక్క దానికి ఎన్నో రెట్లు. అబద్ధమాడారని అనను. నడవాలనుకున్నది కూడా మనకు నడిచినట్టే గుర్తుంటుంది. అలాగని యంత్రం సత్యహరిశ్చంద్రుడేం కాదు. బరువులెత్తితే అది పెద్దగా లెక్కపెట్టదు, సైకిలు తొక్కేవాళ్లకు అన్యాయమే చేస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఇదే రంగం అంటోంది. కడుపు నిండుతుందా? సూటిగా చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: సూటిగానే చెబుతాను. విశ్వవిద్యాలయాల్లో పర్మనెంటు పోస్టులు తక్కువ, వాటికోసం వచ్చేవాళ్లు ఎక్కువ. పీహెచ్‌డీకి నాలుగైదేళ్లు, ఆ తర్వాత ఏడాది రెండేళ్ల కాంట్రాక్టులతో పోస్ట్‌డాక్‌లు, అంటే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు. ఊళ్లు మారాలి, ఒక్కోసారి దేశాలూ మారాలి. రాసిన గ్రాంటు దరఖాస్తుల్లో ఎక్కువ భాగం తిరిగొస్తాయి. ఇవన్నీ అమ్మాయికి తెలియాలి, మీరు భయపెట్టడానికి కాదు, లెక్క వేసుకోవడానికి.

అయితే ట్రయల్ (మనుషులను గ్రూపులు చేసి ఒక చికిత్సనో శిక్షణనో పరీక్షించే అధ్యయనం) నడపడం, స్టాటిస్టిక్స్ చేతిలో ఉన్నవాళ్లు ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు. నా విద్యార్థుల్లో గుండె ఆపరేషన్ అయినవాళ్లకు వ్యాయామం చేయించే విభాగాల్లో ఉన్నారు, ప్రజారోగ్య శాఖల్లో ఉన్నారు, స్మార్ట్ వాచీలు తయారుచేసే కంపెనీల్లో ఉన్నారు. అమ్మాయి చేరబోయే గైడ్‌ను మొదటి రోజే అడగమనండి: 'మీ దగ్గర చదివినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు సార్?' పేర్లు గబగబా చెబితే చేరొచ్చు. తడుముకుంటే ఇంకొకరిని చూసుకోవాలి.

ప్రశ్న: పీహెచ్‌డీలో భాగంగా వృద్ధుల మీద ఒక వ్యాయామ ట్రయల్ చేశాను. చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ తేడా రాలేదు. గైడ్ 'ఇంకో కోణంలో చూడు, ఏదో ఒకటి దొరుకుతుంది' అంటున్నారు. థీసిస్ ఎలా రాయాలి? - పేరు రాయొద్దన్న పరిశోధకురాలు

జవాబు: ఆ 'ఇంకో కోణం' సంగతి నాకు బాగా తెలుసు. ఆడవాళ్లు వేరు, మగవాళ్లు వేరు, డెబ్బై దాటినవాళ్లు వేరు, బీపీ ఉన్నవాళ్లు వేరు అని ముక్కలు చేసుకుంటూ పోతే ఇరవై ముక్కల్లో ఒకదాంట్లో తేడా కాకతాళీయంగానే కనిపిస్తుంది. అది దొరకడం కాదు, దొరికించుకోవడం. ట్రయల్ మొదలయ్యేముందు, ట్రయల్స్ వివరాలు నమోదు చేసే రిజిస్ట్రీలో ఏ ఫలితం చూస్తామని రాశారో అదే మొదటి పట్టికలో రావాలి. మిగతా ముక్కలు వేయాలనుంటే వేయండి, కానీ ముందు అనుకోనివని పైన స్పష్టంగా రాయండి.

పెద్దపెద్దవాళ్లకే ఇది తప్పలేదు. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో 70 నుంచి 77 ఏళ్ల మధ్య వయసున్న 1,567 మందితో జనరేషన్ 100 అనే ట్రయల్ అయిదేళ్లు నడిచింది. శిక్షణ ఇచ్చిన గ్రూపులను కలిపి, పోలిక కోసం శిక్షణ ఇవ్వకుండా ఉంచిన కంట్రోల్ గ్రూపుతో పోలిస్తే మరణాల్లో తేడా తేలలేదు. 2020లో బీఎంజే అనే వైద్య పత్రికలో ఆ మాటే వేశారు. ఎందుకు తేలలేదో చూడండి. కంట్రోల్ గ్రూపువాళ్లు ఇంట్లో కూర్చోలేదు! దేశం ఇచ్చిన సిఫారసులు పాటించమని వాళ్లకూ చెప్పారు, వాళ్లూ బాగానే వ్యాయామం చేశారు. మందుల ట్రయల్‌లో అయితే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఎవరికేది అందిందో తెలియకుండా చేయొచ్చు. ఉత్తుత్తి నడక ఎక్కడ తెస్తాం? వ్యాయామ ట్రయల్‌కు వాలంటీరుగా వచ్చేవాళ్లకు ముందే దాని మీద మనసుంటుంది. ఎవరు ఏ గ్రూపులోకో చీటీలు వేసి తేలుస్తాం కదా, అందులో కంట్రోల్ గ్రూపు వచ్చిందని మానేస్తారా?

మీ దగ్గరా అదే జరిగిందేమో చూడండి. కంట్రోల్ గ్రూపు అడుగుల లెక్కలున్నాయా? శిక్షణ గ్రూపులో నిజంగా ఎంతమంది ఎన్ని సెషన్లకు వచ్చారు? దాని మీద ఒక అధ్యాయం నిజాయితీగా రాయండి. నేను పరీక్షకురాలిగా కూర్చున్న వైవాల్లో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షల్లో) ఇలాంటి అధ్యాయం ఉన్న థీసిస్‌ను వెనక్కి పంపలేదు. పిండి పిండి తీసిన ఫలితాలున్నవాటిని పంపాను. గైడ్ ఒత్తిడి తగ్గకపోతే పరిశోధన కమిటీలో ఇంకొకరిని, వీలైతే స్టాటిస్టిక్స్ ఆయన్ని కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఒంటరిగా వాదనకు దిగొద్దు.

ఒక మంచి కబురు కూడా చెబుతాను. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయిన 889 మందితో చేసిన ఛాలెంజ్ అనే ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. మూడేళ్లు కోచ్ సాయంతో వ్యాయామం చేసినవాళ్లలో అయిదేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 80 శాతం. కాగితాల మీద సలహాలు మాత్రమే అందుకున్నవాళ్లలో 74 శాతం. ఈ 889 మందిని కూడగట్టడానికి 2009 నుంచి దాదాపు పదిహేనేళ్లు పట్టింది. మధ్యలో ఎవరైనా 'ఇంకో కోణంలో చూద్దాం' అని ఉంటే ఈ జవాబు మనకు అందేది కాదు.

ప్రశ్న: ఒకసారి పదివేల అడుగులంటారు, ఇంకోసారి ఏడువేలు చాలంటారు. మీకే తెలియదా? - ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: పదివేలు మా ల్యాబుల్లో పుట్టింది కాదండీ. 1960లలో జపాన్‌లో ఒక కంపెనీ పెడోమీటరు అమ్మడానికి వాడుకున్న గుండ్రని అంకె. మేం కొలవడం చాలా ఆలస్యంగా మొదలుపెట్టాం. ఐ-మిన్ లీ అనే పరిశోధకురాలి బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో సగటు వయసు 72 ఉన్న 16,741 మంది మహిళలున్నారు. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాల రేటు 41 శాతం తక్కువ. 7,500 దగ్గర ఆ మేలు పెరగడం ఆగింది. ఇది పెద్ద వయసు మహిళల లెక్క, కుర్రాళ్లది కాదు. పైగా ఇదీ చీటీలు వేసి చేసిన ట్రయల్ కాదు. తక్కువ నడిచేవాళ్లు జబ్బుతో ఉండి తక్కువ నడిచారేమోనన్న అనుమానం ఇక్కడా ఉంటుంది. దాన్ని తగ్గించడానికి మొదటి కొన్నేళ్ల మరణాలను పక్కనపెట్టి మళ్లీ లెక్క కడతాం. అనుమానం తగ్గుతుంది, పోదు. మీ మట్టుకు, ఇప్పుడు వేస్తున్నదానికి ఒక వెయ్యి కలపండి.

ప్రశ్న: కొత్తగా లెక్చరర్‌గా చేరాను. ఒక పానీయాల కంపెనీ నా వ్యాయామ ప్రాజెక్టుకు డబ్బిస్తామంటోంది. తీసుకోవచ్చా? - ఒక అధ్యాపకుడు

జవాబు: తీసుకునేముందు 2015 నాటి వార్తలు వెతికి చదవండి. శీతల పానీయాల కంపెనీ డబ్బుతో, పేరున్న శాస్త్రవేత్తలతో ఏర్పడ్డ ఒక నెట్‌వర్క్, స్థూలకాయం విషయంలో తిండి కంటే కదలిక వైపే ఎక్కువ మొగ్గు చూపుతోందన్న విమర్శలొచ్చి ఆ ఏడాది చివరికే మూతపడింది. అందులో ఉన్నవాళ్లు చేసిన మంచి పరిశోధన మీద కూడా ఆ నీడ పడింది. నేనైతే తీసుకోను. మీకు తప్పదనుకుంటే ఒప్పందంలో మూడు మాటలు ఉన్నాయో లేదో చూడండి: డేటా మీది, విశ్లేషణ మీది, ఫలితం ఏదైనా ప్రచురించే హక్కు మీది. 'ప్రచురణకు ముందు కంపెనీ ఆమోదం' అన్న వాక్యం కనిపిస్తే సంతకం పెట్టకండి. అది ఎక్కడో చివరి పేజీల్లో ఉంటుంది, ఓపిగ్గా చదవాలి.

ప్రశ్న: ఇంతకీ మీరు రోజూ ఎంతసేపు వ్యాయామం చేస్తారు? - ఒక అభిమాని

జవాబు: నడక, వారానికి రెండు రోజులు బరువులు. గ్రాంటు గడువు వారంలో ఏమీ లేదు. అలాంటి వారాల్లో డాలస్ కుర్రాళ్లు గుర్తొచ్చి భయమేస్తుంది. 1966లో అమెరికాలోని ఆ ఊళ్లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు అయిదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ అయిదుగురినే మళ్లీ పరీక్షిస్తే, ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. అయిదుగురంటే ఏం శాంపిల్ అనకండి. అదే మనుషుల్ని ముప్పై ఏళ్లకు వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో మాకు తెలుసు.

ప్రశ్న: గుండె వార్డులో నర్సును, వయసు నలభై దాటింది. ఇప్పుడు ఈ పరిశోధనలోకి రాగలనా? - ఒక సోదరి

జవాబు: రాగలరు. అమెరికా పరిశోధకుడు రాల్ఫ్ పాఫెన్‌బార్గర్ తొలినాళ్లలో పోలియో మీద పనిచేశారు. తర్వాత హార్వర్డ్ పూర్వ విద్యార్థుల మీద, శాన్‌ఫ్రాన్సిస్కో రేవు కార్మికుల మీద చేసిన అధ్యయనాలతో ఈ రంగానికి పునాది వేశారు. తానే పరుగు మొదలుపెట్టింది నలభై దాటాక. 1996లో వ్యాయామ శాస్త్రానికి తొలిసారి ఒలింపిక్ బహుమతి ఇచ్చినప్పుడు మోరిస్‌తో కలిసి పంచుకున్నారు.

అయితే నేరుగా పీహెచ్‌డీకి పరుగెత్తకండి. మీ ఆసుపత్రిలోనో దగ్గర్లోనో నడుస్తున్న ట్రయల్‌లో రీసెర్చ్ నర్సు పోస్టు కోసం అడగండి. మా ట్రయల్స్ ఎక్కువగా దెబ్బతినేది మనుషులు మధ్యలో మానేయడం వల్ల. ఎనిమిదో వారంలో మోకాలు నొప్పంటూ ఫోనెత్తని పెద్దాయనతో మాట్లాడి మళ్లీ రప్పించగలిగే మనిషి మాకు కంప్యూటర్ ప్రోగ్రాముల కంటే విలువైనవారు. ఆ పని మీకు వచ్చినట్టు చదువుకుని వచ్చిన కుర్రవాళ్లకు రాదు. ఏడాది అక్కడ పనిచేస్తూ సాయంత్రాలు ప్రజారోగ్యంలోనో బయోస్టాటిస్టిక్స్‌లోనో పార్ట్‌టైమ్ కోర్సు చేయండి. దరఖాస్తు రాసేటప్పుడు 'నాకు వ్యాయామమంటే ఇష్టం' అని మొదలుపెట్టొద్దు, అందరూ అదే రాస్తారు. మీ వార్డు నుంచి ఇంటికెళ్లిన వాళ్లలో ఎవరు నడక కొనసాగించారు, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అన్నది మీరు చూసినంతవరకు రాయండి. మొదటి పేరాలోనే రాయండి, చివరి దాకా చదివే ఓపిక మా కమిటీలకు ఉండదు.